గ్రనాడాలో మూడు రాత్రులు: అల్హంబ్రా టికెట్, తపాస్ బార్లు, శాకాహారి అమ్మ

ప్రశ్న: మేము నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో ఉంటాం. మా అమ్మ గుంటూరు నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది. అక్టోబరు మూడో వారంలో ముగ్గురం స్పెయిన్‌లోని గ్రనాడా వెళ్దామనుకుంటున్నాం. ప్యాకేజీ టూరు కాదు, అన్నీ మేమే చూసుకుంటాం. మాలగాలో విమానం దిగి, గ్రనాడాలో మూడు రాత్రులు ఉంటాం. విమానం టికెట్లు ఇంకా కొనలేదు. అక్కడ బార్‌లో ఏదైనా తాగితే తినడానికి ఉచితంగా పెడతారని విన్నాం, నిజమేనా? మావారూ నేనూ చికెన్, చేపలు తింటాం. బీఫ్, పోర్క్ ముట్టం. అమ్మ గుడ్డు కూడా తినదు. పైగా ఆవిడకి 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అల్హంబ్రా ఎలా చూపించాలి? ఆవిడకి ఏం పెట్టాలి?

జవాబు: విమానం టికెట్లు ఇంకా కొనకపోవడం మంచిదైంది. ముందు కొండ మీది కోట అల్హంబ్రాకి ఏ రోజు టికెట్ దొరుకుతుందో చూసి, అది కొన్నాకే విమానం, హోటల్ సంగతి చూడండి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, గ్రనాడాలో దిగాక టికెట్ కోసం వెతుకుతారు. అక్టోబరులో అది దాదాపు దొరకదు. 12వ తేదీ స్పెయిన్ జాతీయ సెలవు కాబట్టి దాని చుట్టుపక్కల రోజులు మరీ కష్టం. మీరు వెళ్ళేది ఆ తర్వాతి వారమే అయినా ఆరేడు వారాల ముందే కొనేయండి.

అల్హంబ్రాలో చూడాల్సినవి ముఖ్యంగా మూడు: అల్కసాబా అనే పాత సైనిక దుర్గం, గ్రనాడాని ఏలిన నస్రిద్ వంశపు ముస్లిం సుల్తానుల ప్యాలెస్‌లు, పక్క కొండవాలున హెనెరలీఫే తోటలు. జనరల్ టికెట్‌లో మూడూ ఉంటాయి, మనిషికి 20 యూరోల చుట్టుపక్కల పడుతుంది. అల్కసాబా, తోటలు ఆ రోజు మీకు వీలైనప్పుడు చూడొచ్చు. నస్రిద్ ప్యాలెస్‌లకి మాత్రం టికెట్ మీద ఒక టైము వేస్తారు. ఆ టైము మొదలైన అరగంటలోపు తలుపు దాటాలి. దాటిపోతే లోపలికి పంపరు, బతిమాలినా లాభం లేదు. ఒకసారి లోపలికి వెళ్ళాక మాత్రం ఎవరూ తొందరపెట్టరు. మీ మూడు రోజుల ప్రయాణమంతా ఈ ఒక్క టైము చుట్టూ అల్లుకోవాలి.

టికెట్ కొనేటప్పుడు కొన్ని చోట్ల కాలు జారుతుంది. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చేవి మధ్యవర్తుల ప్రకటనలు. గైడుతో కలిపి రెండు మూడు రెట్లు వసూలు చేస్తారు. అసలైనది పాత్రొనాతో దే లా అల్హంబ్రా ఇ హెనెరలీఫే అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటు, ముందు అక్కడ చూడండి. అందులో పగటి టికెట్లే రెండు రకాలుంటాయి. ‘హర్దీనెస్’ అని ఉన్న చవక టికెట్‌తో తోటలు, అల్కసాబా మాత్రమే చూడగలరు, ప్యాలెస్‌లు రావు. ఆ తేడా చూడకుండా కొని గుమ్మం దగ్గర నిలబడిపోయేవాళ్ళు రోజూ ఉంటారు. రాత్రి ప్యాలెస్‌ల టికెట్ ఇంకొకటి ఉంది, దాంతో మిగతావి కనిపించవు. మీకు జనరల్ టికెట్టే కావాలి.

ప్రతి టికెట్ మీదా పేరు, పాస్‌పోర్ట్ నంబరు ఉంటాయి. ప్యాలెస్ గుమ్మం దగ్గర అసలు పాస్‌పోర్ట్ అడుగుతారు, కాబట్టి ముగ్గురివీ వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఫోటో ఉంది కదా అని హోటల్ లాకర్లో పెట్టి రావద్దు. స్పెయిన్ ఫారాల్లో ఇంటిపేరుకి తరచూ రెండు గడులు కనిపిస్తాయి, అక్కడి వాళ్ళకి తండ్రి వైపుదొకటి, తల్లి వైపుదొకటి ఉంటాయి కాబట్టి. మీరు మొదటి గడి నింపితే చాలు. అమ్మగారి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకేచోట ఉంటే, ఆ పేరునే రెండు చోట్లా రాయండి. గుమ్మం దగ్గర ముఖ్యంగా చూసేది నంబరే, అది ఒక్క అంకె కూడా తప్పకూడదు. 65 దాటినవాళ్ళ రాయితీ ఐరోపా సమాఖ్య పౌరులకి ఉద్దేశించింది. అమ్మగారికి మామూలు టికెట్టే తీసుకోండి.

జనరల్ టికెట్లు అయిపోయి ఉంటే నిరాశపడకండి. అదే సైటులో ‘దోబ్లా దే ఓరో’ అనే ఉమ్మడి టికెట్ ఉంటుంది. అల్హంబ్రాతోపాటు అల్బైసీన్ అనే పాత పేటలోని అరబ్బు స్నానశాల లాంటి కొన్ని చిన్న కట్టడాలు కూడా అందులో వస్తాయి. నగర పర్యాటక కార్డు గ్రనాడా కార్డులోనూ ప్యాలెస్ టైము ఉంటుంది. వీటికి కోటా వేరు కాబట్టి జనరల్ లేని రోజున కూడా దొరికే అవకాశం ఉంది. గైడుతో వెళ్ళే టూరు ఆఖరి దారి.

ఇక మోకాళ్ళ సంగతి. అల్హంబ్రాలో మొత్తం నడక మూడు కిలోమీటర్లకి తగ్గదు. అందుకే నడిచిన దారినే మళ్ళీ నడవకుండా చూసుకోవాలి. ప్యాలెస్‌కి పది, పదిన్నర మధ్య టైము తీసుకోండి. అక్టోబరు 15 నుంచి శీతాకాలపు వేళలు మొదలై ఉదయం ఎనిమిదిన్నరకి తెరిచి సాయంత్రం ఆరింటికి మూస్తారు, కాబట్టి మధ్యాహ్నం టైము తీసుకుంటే తోటల దగ్గర హడావిడి పడతారు. ప్లాసా ఇసబెల్ లా కాతోలికా దగ్గర సీ30 మినీబస్సు ఎక్కండి, టికెట్ యూరోన్నర చుట్టుపక్కల. పైన టికెట్ కౌంటర్లున్న ప్రధాన ద్వారం దాకా వెళ్ళకుండా, అంతకుముందే పుఏర్తా దే లా హుస్తీసియా స్టాపులో దిగండి. చేతిలో టికెట్ ఉంటే ఈ న్యాయద్వారం గుండా నేరుగా లోపలికి వెళ్ళొచ్చు. అల్కసాబా, ప్యాలెస్‌లు అక్కడికి దగ్గర. ప్రధాన ద్వారం నుంచి అయితే ప్యాలెస్ గుమ్మానికి పావుగంట పైనే నడక, టైము తప్పేవాళ్ళలో ఎక్కువమంది ఈ దూరం తెలియకే తప్పుతారు.

తొమ్మిదింటికల్లా లోపలుంటే ముందు అల్కసాబా చూడండి. తోర్రె దే లా బేలా బురుజు మెట్లు మీరిద్దరూ ఎక్కి రండి, అమ్మగారు కింద కూర్చోవచ్చు. పది దాటగానే ప్యాలెస్‌లు. అవి పార్తాల్ తోటల వైపు తేలతాయి, అక్కడ కొలను గట్టున కాసేపు ఆగండి. తర్వాత మెల్లగా పైకి నడుస్తూ హెనెరలీఫే వెళ్ళండి. అక్కడ మెట్లు ఉన్నాయి కానీ, కింది తోటలూ నీటికాలువ ఉన్న ప్రాంగణమూ చూస్తే అసలైనది చూసినట్టే, పై మెట్లు అమ్మగారు వదిలేసినా పోయేదేమీ లేదు. బయటికి వచ్చేసరికి ప్రధాన ద్వారం దగ్గర తేలతారు, కిందికి వెళ్ళే సీ30 అక్కడే ఆగుతుంది. ఈ మూడింటిలో ఒక్కోదానికి ఒక్కసారే ప్రవేశం. టికెట్ స్కాన్ అయ్యాక బయటికొస్తే మళ్ళీ వెళ్ళలేరు.

ప్యాలెస్‌లలో జనం ఫోన్లు పైకెత్తి నడిచిపోతుంటారు. మీరు మూడు చోట్ల ఆగండి. మొదటిది కొమారెస్ ప్రాంగణం: పొడవాటి కొలను, రెండు పక్కలా మిర్టిల్ పొదలు, చివర 45 మీటర్ల బురుజు నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుంది. నీళ్ళు కదలకుండా ఉండేందుకు అంచున గుండ్రటి చిన్న తొట్టెలోంచి సన్నటి ధార మాత్రమే కొలనులోకి వదులుతారు, దగ్గరికి వెళ్ళి ఆ తొట్టెని చూడండి. ఆ బురుజు లోపలే రాయబారుల మందిరం. పైకప్పు 8,000కి పైగా చెక్కముక్కలతో ఏడు స్వర్గాల నమూనాగా పేర్చింది. తర్వాత సింహాల ప్రాంగణం, 5వ ముహమ్మద్ కట్టించింది. 12 పాలరాతి సింహాలు మోసే తొట్టె చుట్టూ ఇబ్న్ జమ్రక్ అనే మంత్రి రాసిన పద్యం చెక్కి ఉంటుంది. దాని పక్క గది, సాలా దే దోస్ ఎర్మానాస్‌లో తల పైకెత్తితే తేనెపట్టులా గూళ్ళు గూళ్ళుగా గోపురం. ఆ గూళ్ళన్నీ సున్నపు గచ్చుతో చేసినవే, రాయి కాదు. గోడల మీద ఎక్కడ చూసినా ‘దేవుడు తప్ప విజేత లేడు’ అనే నస్రిద్ వంశ నినాదం అరబ్బీలో కనిపిస్తూనే ఉంటుంది. 1238లో మొదలైన ఆ వంశం 1492 జనవరి 2న నగరాన్ని ఇసబెల్, ఫెర్నాందో అనే క్రైస్తవ రాజదంపతులకి అప్పగించింది. ప్యాలెస్‌ల పక్కనే ఉన్న 5వ కార్లోస్ చక్రవర్తి ప్యాలెస్ బయటికి చతురస్రం, లోపలి ప్రాంగణం గుండ్రం. దానికి టికెట్ అక్కర్లేదు, వాన వస్తే తలదాచుకోవడానికీ పనికొస్తుంది.

ఆ ఇసబెల్, ఫెర్నాందోల సమాధులు ఊళ్ళో కపియా రెయాల్ అనే రాజ ప్రార్థనాలయంలో ఉన్నాయి. పైన పాలరాతి విగ్రహాలు ఘనంగా ఉంటాయి. కొద్ది మెట్లు దిగి చూస్తే నేలమాళిగలో సాదా సీసపు పెట్టెలు. లోపల ఫోటోలు తీయనివ్వరు. కథెడ్రల్ దాని పక్కనే అయినా టికెట్ వేరు, సమయం తక్కువైతే కపియా రెయాల్ ఒక్కటీ చూడండి. ఈ రెండింటి మధ్య వీధుల్లో రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టి, చెయ్యి చూస్తామని డబ్బడిగేవాళ్ళు ఉంటారు. రెమ్మ పుచ్చుకోకుండా నడిచిపోతే వదిలేస్తారు.

అల్బైసీన్ పాత ముస్లిం పేట. కొండ మీద తెల్లటి ఇళ్ళు, సన్నటి సందులు, నేలంతా గులకరాళ్ళు పరిచిన దారి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టం, వాన పడితే ఆ రాళ్ళు జారుతాయి కూడా. కాబట్టి ప్లాసా నువేబా నుంచి సీ31 మినీబస్సులో పైకి వెళ్ళండి, తిరుగు ప్రయాణమూ అందులోనే. మిరదోర్ సాన్ నికోలాస్ చత్వరం నుంచి చూస్తే ఎదురుగా అల్హంబ్రా, వెనక సియేర్రా నెవాదా కొండలు. మీరు వెళ్ళే వారంలో సూర్యాస్తమయం రాత్రి ఏడున్నర ప్రాంతంలో అవుతుంది, ఆరున్నరకే చేరితే గట్టు మీద కూర్చునే చోటు దొరుకుతుంది. అక్కడ బ్యాగు ఒళ్ళో పెట్టుకోండి, ఎందుకంటే అందరి కళ్ళూ ఎదుటి కొండ మీద ఉన్నప్పుడే జేబుదొంగలకి అదను. కింద నది వెంట ఉన్న కర్రేరా దెల్ దార్రో వీధి మాత్రం దాదాపు చదునే, అమ్మగారితో నడవడానికి గ్రనాడాలో అంతకన్నా మంచి దారి లేదు. ‘బాన్యుఏలో’ అనే 11వ శతాబ్దపు అరబ్బు స్నానశాల ఆ వీధిలోనే ఉంది.

ఇప్పుడు తపాస్. మీరు విన్నది నిజమే. తపా అంటే డ్రింకుతో తినే చిన్న ప్లేటు. స్పెయిన్‌లో చాలా నగరాల్లో దానికి డబ్బు తీసుకుంటారు. గ్రనాడాలో మాత్రం ఒక డ్రింకు చెబితే దాంతోపాటు చిన్న ప్లేటు ఉచితంగా రావడం మామూలు. బీరు, వైనుకే కాదు, మోస్తో అనే ద్రాక్షరసానికీ, కూల్‌డ్రింకుకీ, ఆల్కహాల్ లేని బీరుకీ కూడా ఇస్తారు. కాఫీ, టీకి ఇవ్వరు. ఉత్త నీళ్ళ సీసాకి చాలాచోట్ల రాదు. బీరు చెప్పేటప్పుడు ‘కాన్యా’ అనండి, సుమారు 200 మిల్లీలీటర్ల చిన్న గ్లాసు. ‘తేర్సియో’ అంటే 330 సీసా వస్తుంది. దేనికైనా వచ్చే తపా అదే, అందుకని చిన్న గ్లాసులతోనే ఎక్కువ రుచులు చూడొచ్చు. కాన్యా రెండున్నర నుంచి మూడున్నర యూరోలు ఉంటుంది.

ఏ తపా పెట్టాలో చాలా బార్లలో వంటింటి వాళ్ళే నిర్ణయిస్తారు. మొదటి గ్లాసుకి ఒకటి, రెండోదానికి ఇంకొకటి, మూడోదానికి మరొకటి అని వరస ఉంటుంది, ఒకే బార్‌లో కూర్చున్నా ప్లేటు మారుతుంది. తపాల జాబితా చూపించి ఎంచుకోమనే బార్లూ ఉన్నాయి. మీలాంటి కుటుంబానికి అవే సుఖం. లోపలికి వెళ్ళగానే ‘సే ప్యుయేదే ఎలెహీర్ లా తపా?’ అని అడగండి, తపా ఎంచుకోవచ్చా అని అర్థం.

వేళ తప్పితే ఇవేవీ దొరకవు. ఐంధోవెన్‌లో ఆరింటికి రాత్రి భోజనం చేసే అలవాటుతో గ్రనాడాలో బార్‌కి వెళ్తే వంటింట్లో పొయ్యి వెలిగి ఉండదు, చిప్స్, ఆలివ్‌లతో సరిపెడతారు. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర, రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదకొండు, ఇవీ తపాస్ వేళలు. ఎనిమిదిన్నరకి ఠంచనుగా వెళ్తే కూర్చునే చోటు దొరుకుతుంది. తొమ్మిదిన్నర దాటితే బర్రా దగ్గర నిలబడాల్సిందే. బర్రా అంటే బార్ కౌంటర్ బల్ల. బయటి టేబుళ్ళ దగ్గర కొన్నిచోట్ల ధర ఎక్కువ ఉంటుంది. ఆదివారం రాత్రి, సోమవారం చాలా బార్లు మూసి ఉంటాయి. మంచి బార్ల రాత్రి ఒకటి పోకుండా మీ మూడు రాత్రులూ మంగళవారం నుంచి శనివారం లోపు పడేలా చూసుకోండి.

ఎలా అడగాలో చెబుతాను. బర్రా దగ్గర చోటు చూసుకుని నిలబడి, కౌంటర్ వెనక మనిషి మీ వైపు చూసేదాకా ఆగండి. చేతులు ఊపక్కర్లేదు. ‘బుయేనాస్’ అని పలకరించి, ‘దోస్ కాన్యాస్ ఇ ఊన్ మోస్తో’ అనండి. ఆ వెంటనే, గ్లాసులు నింపడం మొదలెట్టేలోపే, అమ్మగారి సంగతి చెప్పేయాలి: ‘పారా మి మాద్రే, ఊనా తపా బెగానా, సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ వేబో, పోర్ ఫవోర్.’ అమ్మకి వీగన్ తపా, పంది తొడమాంసం, ట్యూనా, గుడ్డు లేకుండా అని. డ్రింకు చెప్పగానే లోపలికి కేక వెళ్ళిపోతుంది, ప్లేటు వచ్చాక మార్చమంటే అది చెత్తబుట్టకే. ముందే చెబితే చాలాచోట్ల ఏదో ఒకటి చూసి పెడతారు. ఏమీ లేదంటే ఆలివ్‌లో, వేయించిన బాదం పప్పులో ఇస్తారు.

అక్కడ ‘వెజిటేరియన్’ అని మాత్రమే అంటే చాలదు. వాళ్ళ లెక్కలో వెజిటేరియన్ గుడ్డు తింటారు. ‘సిన్ కార్నె’, మాంసం లేకుండా అని చెప్పినా సలాడ్ మీద ట్యూనా చల్లుతారు, కూర మీద సన్నగా తరిగిన హమోన్ వేస్తారు. కార్నె అంటే వాళ్ళకి మాంసం ముక్క, రుచికి చల్లే హమోన్ అందులో లెక్కకి రాదు. అందుకే వీగన్ అనే మాటతో మొదలుపెట్టి, తినని వాటి పేర్లు విడివిడిగా చెప్పమంటున్నాను. పాలు, చీజ్ ఫర్వాలేదనుకుంటే అవి తర్వాత కలపమనొచ్చు. చాలా స్పెయిన్ చీజ్‌లలో పాలు విరగడానికి వాడే, జంతువుల కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది, అమ్మగారికి పట్టింపు ఉంటే చీజ్ వదిలేయండి.

అమ్మగారికి ధైర్యంగా అడగదగినది బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ దే కాన్యా. వంకాయని పల్చటి చక్రాలుగానో పొడుగు ముక్కలుగానో కోసి, పిండిలో దొర్లించి నూనెలో వేయించి, పైన నల్లటి చెరకుపాకం ధారగా పోస్తారు. పేరులో తేనె అని ఉన్నా తేనెటీగకి సంబంధం లేదు, చెరకురసం మరిగించి తీసిన పాకం అది, రుచి అచ్చం మన బెల్లం పాకమే. రెండు విషయాలు మాత్రం అడగాలి. ‘యేబా వేబో?’ అంటే గుడ్డు ఉందా అని, కొన్నిచోట్ల పిండిలో గుడ్డు కొడతారు. రెండోది నూనె. చేపలు వేయించిన మూకుడులోనే వంకాయలూ పడతాయి. అది ఇష్టం లేకపోతే ‘మీస్మో అసైతే కే ఎల్ పెస్కాదో?’ అనండి, చేపలు వేయించిన నూనేనా అని. అవునంటే వేయించినవి మానేసి ‘ఆ లా ప్లాంచా’ అడగండి, పెనం మీద కాల్చిన కూరగాయలు, పుట్టగొడుగులు వస్తాయి.

పతాతాస్ ఆ లో పోబ్రే అంటే బంగాళాదుంప, పచ్చటి క్యాప్సికం, ఉల్లి ఆలివ్ నూనెలో మెత్తగా మగ్గించింది, మన నాలుకకి వెంటనే నచ్చుతుంది. పైన గుడ్డు వేస్తారు కాబట్టి ముందే వద్దనాలి. పిస్తో అనే కూరగాయల ముద్దకూరదీ అదే కథ. సాల్మొరేహో టమాటా, రొట్టె, ఆలివ్ నూనె రుబ్బిన చల్లటి సూపు, పైన హమోన్, ఉడికిన గుడ్డు చల్లుతారు; చల్లకుండా ఇవ్వమంటే ఇస్తారు. అహోబ్లాంకో బాదం, వెల్లుల్లి, రొట్టె రుబ్బిన తెల్లటి చల్లటి సూపు, పైన ద్రాక్ష వేస్తే అమ్మగారికి ఏ ఇబ్బందీ లేదు. ఆలివ్‌లలో కూడా ఆంచోవీ చేప కూరినవి ఉంటాయి, ‘సిన్ అంచోవా’ అనాలి.

చూడటానికి శాకాహారంలా ఉండి కానివి చాలా ఉన్నాయి. క్రొకేతాస్ లోపల చాలావరకు హమోన్ ముక్కలు. ఎన్సలాదీయా రూసా అనే మయొనేజ్ బంగాళాదుంప సలాడ్‌లో ట్యూనా, గుడ్డు. పప్పులాగా కనిపించే లెంతేహాస్, శనగలు చోరిసో అనే పంది సాసేజ్‌తో ఉడికిస్తారు. ఆర్టిచోక్, బీన్స్ కూడా హమోన్‌తోనే వేగుతాయి. రెమోహోన్ అనే నారింజ సలాడ్ గ్రనాడా ప్రత్యేకమే అయినా అందులో ఎండిన కాడ్ చేప ఉంటుంది, అది మీకు. తోర్తియా దెల్ సాక్రొమొంతే అనే ఆమ్లెట్‌ని ఊరి పేరు చూసి ఆర్డర్ చేయకండి, అసలు వంటకంలో మెదడు, వృషణాలు వేస్తారు. బేకరీ, క్రిస్మస్ తీపి దుకాణాల్లో పోల్వోరోన్, మంతెకాదో కనిపిస్తాయి, సంప్రదాయంగా పంది కొవ్వుతో చేసేవి.

మీ ఇద్దరికీ ఇబ్బంది తక్కువ. ‘సిన్ సెర్దో, సిన్ తెర్నేరా’ అంటే పోర్క్, బీఫ్ లేకుండా. అయితే బార్లలో చవకగా దొరికే మాంసం ఎక్కువ పోర్క్‌దే. లోమో, సెక్రేతో, చోరిసో, మోర్సియా అన్నీ పోర్క్. ‘కార్నె ఎన్ సాల్సా’ అన్నా సాధారణంగా అదే. అల్బోందిగాస్ ఉండలు పోర్క్, బీఫ్ కలిపి చేస్తారు. రాబో దే తోరో ఎద్దుతోక. పోయో అంటే చికెన్. చేపల తపాస్ మీకు మంచి దారి. బొకెరోనెస్ ఫ్రీతోస్ అంటే చిన్న చేపలు పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించినవి, నిమ్మరసం పిండుకుని తలతో సహా తినేస్తారు. కాయే నాబాస్ వీధిలోని లోస్ దియమాంతెస్ వేయించిన చేపలకి పేరున్న బార్. తినేది దాదాపు అంతా సముద్రపుదే కాబట్టి మీకు నచ్చుతుంది, అమ్మగారికి మాత్రం కాదు. నాబాస్ వీధి మొత్తం పర్యాటకులతో కిక్కిరిసి ఉంటుంది. రెండో రాత్రి రెయాలేహో పేటలో కాంపో దెల్ ప్రిన్సిపే చత్వరం వైపు వెళ్ళండి, అక్కడ ఊరివాళ్ళు ఎక్కువ, కూర్చోవడానికి చోటూ ఎక్కువ. అదే పేటలో ఇకూరి అనే వీగన్ రెస్టరెంటు ఉంది. ఒక రాత్రి అక్కడ అమ్మగారు ఏమీ అడగక్కర్లేకుండా తింటారు.

ఉచిత తపాస్‌తో అమ్మగారి రాత్రి భోజనం గడుస్తుందని మాత్రం లెక్కేసుకోకండి. మీరిద్దరూ మూడు రౌండ్లకి కడుపు నింపుకోగలరు. ఆవిడకి మూడు రౌండ్లలో ఒక్కోసారి రెండు ఆలివ్ గిన్నెలు, ఒక రొట్టె ముక్కే రావచ్చు. మధ్యాహ్నం ఆవిడకి నిండుగా భోజనం చేయించి, రాత్రి బార్లని షికారుగా చూడండి. వంకాయ ఉచితంగా రాకపోతే డబ్బిచ్చి ‘మేదియా రసియోన్’ తెప్పించుకోండి, సగం ప్లేటు, ఒకరికి సరిపోతుంది. ప్లాసా నువేబా పక్క కాల్దెరెరీయా నువేబా వీధిలో అరబ్బు టీ దుకాణాలు, మొరాకో వంటల హోటళ్ళు వరసగా ఉన్నాయి. ఫలాఫెల్, హమ్మస్, పుదీనా టీ అమ్మగారికి మధ్యాహ్నానికి బాగుంటాయి. కూస్‌కూస్ చెప్పేటప్పుడు మాత్రం కూరగాయలు మాంసం పులుసులో ఉడికించారేమో అడగాలి.

ఉదయం టిఫిన్‌కి ఏ కెఫేలోనైనా ‘తోస్తాదా కోన్ తొమాతే’. కాల్చిన రొట్టె, తురిమిన టమాటా, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పూర్తి శాకాహారం, రెండు మూడు యూరోలు. ప్లాసా బీబ్-రాంబ్లా చత్వరంలో చుర్రోస్ తినొచ్చు, అవి పిండి, నీళ్ళు, ఉప్పు కలిపి నూనెలో వత్తేవి, పాలతో కాచిన చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుంటారు.

ఇంకో ఉపాయం, ఇది మన ఇళ్ళకే తెలిసింది. మైక్రోవేవ్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. స్పెయిన్ సూపర్ మార్కెట్లలో 125 గ్రాముల చొప్పున రెండు చిన్న కప్పులుగా వండిన అన్నం అమ్ముతారు, నిమిషంలో వేడెక్కుతుంది. అట్ట మీద ‘అర్రోస్ బ్లాంకో’ అని ఉందో లేదో చూడండి, రుచులు కలిపిన రకాల్లో మాంసం పులుసు ఉండొచ్చు. చక్కెర లేని పెరుగుకి ‘యోగుర్ నాతురాల్, సిన్ అసూకార్’. ఇంటి నుంచి కందిపొడి, ఊరగాయ తెచ్చుకుంటే ఆవిడకి రాత్రి బెంగ ఉండదు. ఆదివారం చాలా సూపర్ మార్కెట్లు మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోవాలి.

బస మాత్రం అల్బైసీన్ పైన వద్దు. ఫోటోల్లో తోటతో సహా ముచ్చటగా కనిపిస్తాయి కానీ చాలా సందుల్లోకి టాక్సీ రాదు, పెట్టె పట్టుకుని గులకరాళ్ళ మీద ఎక్కాలి. ప్లాసా నువేబా, బీబ్-రాంబ్లా మధ్యలో తీసుకుంటే మినీబస్సులు, బార్లు, కపియా రెయాల్ అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. లిఫ్టు ఉందని రాతపూర్వకంగా అడగండి, పాత భవనాల్లో తరచూ ఉండదు.

మాలగా విమానాశ్రయం నుంచి గ్రనాడాకి అల్సా కంపెనీ నేరు బస్సులు రోజుకి కొన్నే ఉంటాయి, రెండు గంటల ప్రయాణం. మీ విమానానికి అవి కుదరకపోతే విమానాశ్రయం లోకల్ రైల్లో మరియా సంబ్రానో స్టేషన్‌లో దిగండి, పక్కనే బస్ స్టేషన్. అక్కడి నుంచి గ్రనాడాకి బస్సులు తరచుగా ఉంటాయి. గ్రనాడా బస్ స్టేషన్ ఊరికి దూరం. ముందు మెట్రో స్టాపు కనిపిస్తుంది కానీ ఆ మెట్రో పాత ఊరి నడిబొడ్డుకి రాదు, పెట్టెలతో ముగ్గురు ఉన్నారు కాబట్టి టాక్సీ ఎక్కేయండి.

బిల్లులో పన్ను కలిసే ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలితే చాలు. అడగకుండా రొట్టె బుట్ట పెడితే కొన్నిచోట్ల దానికీ డబ్బు వేస్తారు, అక్కర్లేకపోతే పెట్టినప్పుడే వద్దనండి. ఉన్ని స్వెటర్లు వెంట పెట్టుకోండి, గ్రనాడా 700 మీటర్ల ఎత్తున ఉంది, పగలు ఎండ కాసినా రాత్రి తొమ్మిదింటికి బయట కూర్చుంటే చలి వేస్తుంది. తిరుగు ప్రయాణం రోజున నేరు బస్సు సీటు ముందే కొనుక్కోండి, విమానానికి నాలుగు గంటల ముందు గ్రనాడాలో బయలుదేరేలా చూసుకుంటే దారిలో ఆలస్యమైనా ఇబ్బంది పడరు.